పొగ వచ్చినా సప్లైయే, రాకపోయినా సప్లైయే!

"స్మోక్ టెస్ట్" అంటే ఏంటో మన ఐటీ జనాలకి కొత్తగా చెప్పక్కర్లేదు. బిల్డ్ వచ్చింది, ఓపెన్ అయ్యింది, లాగిన్ అయ్యింది, వెంటనే చావలేదు, అయితే టెస్టింగ్ టీముకి తోసెయ్. 1990లలో మైక్రోసాఫ్ట్ లాంటి చోట్ల రోజూ బిల్డ్ చెయ్యడం, చేసిన వెంటనే స్మోక్ టెస్ట్ చెయ్యడం ఒక ఆచారంగా మారాక ఈ మాట మన ఒంటికి పట్టేసింది. కానీ ఇది మన మాట కాదు, ఎలక్ట్రానిక్స్ వాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నది. సొంతంగా సోల్డరింగ్ చేసిన బోర్డుకి మొదటిసారి కరెంటు ఇచ్చినప్పుడు పొగ రాలేదంటే ఆ పూటకి గండం గడిచినట్టు. (వాళ్లకంటే ముందు ప్లంబర్లు పైపుల్లోకి నిజంగానే పొగ పంపించి లీకులు వెతికేవాళ్లు. అది వేరే కథ.)

ఇంతకీ ఆ పొగ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో రేడియో కిట్లు కట్టుకునే హామ్‌లని అడగండి, పదిమందిలో ఎక్కువమంది ఒకటే చెప్తారు: పవర్ సప్లై. ఇంకో తమాషా ఏంటంటే పొగ రాకుండా రేడియో మూగగా కూర్చున్నా, "గుయ్య్" మని మూలిగినా, మాట్లాడేటప్పుడు ఫ్రీక్వెన్సీ జారిపోయినా కూడా తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది. కానీ కిట్ కట్టినవాడు చూసేది మాత్రం కాయిల్సు, క్రిస్టల్ ఫిల్టరు, ఆసిలేటరు. సప్లై అనేది గోడలో ప్లగ్గు లాంటిది, దాని గురించి ఆలోచించేదేముంది అనుకుంటాడు. మనం డేటాబేస్ కనెక్షన్ తెగిపోతే రెండు గంటలు జావా కోడు చూస్తామే, అలాగన్నమాట.

హామ్ రేడియో అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, లాభాపేక్ష లేకుండా సొంత ట్రాన్స్‌మిటరుతో ప్రపంచంతో మాట్లాడే అభిరుచి ఇది. మన దేశంలో లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. అన్ని అభిరుచుల్లాగే దీనికీ ఓ చరిత్ర ఉంది. ఆ చరిత్రని పవర్ సప్లై వైపు నుంచి చూస్తే, మనకి పనికొచ్చే సంగతులు చాలా కనపడతాయి.

బ్యాటరీల రోజులు

1920ల తొలి సగంలో రేడియోకి ఒకటి కాదు, మూడు రకాల బ్యాటరీలు కావాలి. ట్యూబులో ఫిలమెంటు వెలిగించడానికి "ఏ" బ్యాటరీ. ప్లేటుకి 45 లేదా 90 వోల్టులు ఇవ్వడానికి "బీ" బ్యాటరీ. గ్రిడ్డుకి కాస్త నెగటివ్ వోల్టేజి ఇవ్వడానికి "సీ" బ్యాటరీ. ఏ బ్యాటరీ చాలావరకు కారుల్లో వాడే ఆసిడ్ బ్యాటరీ. హాల్లో తివాచీ మీద ఆసిడ్ ఒలికితే ఆ ఇంటి ఇల్లాలు రేడియోని ఏమనేదో మీరే ఊహించుకోండి :)

1925లో కెనడాలో ఎడ్వర్డ్ రోజర్స్ నేరుగా ఇంటి కరెంటుతో నడిచే రేడియోలు అమ్మకానికి తెచ్చాడు. 1927లో అమెరికాలో "80" అనే రెక్టిఫయర్ ట్యూబు వచ్చింది. అదే కాలంలో ఉన్న పాత రేడియోలకి తగిలించుకోవడానికి "బ్యాటరీ ఎలిమినేటర్" అనే పెట్టెలు అమ్మేవాళ్లు. ఈ మాట ఎక్కడో విన్నట్టుందా? మన కాలేజీ ల్యాబుల్లో, ఊళ్లో రేడియో రిపేరు షాపుల్లో ఆ తర్వాత చాలా దశాబ్దాలు అడాప్టరుని "ఎలిమినేటర్" అనే పిలిచారు. బ్యాటరీ ఎప్పుడో పోయింది, దాన్ని ఎలిమినేట్ చేసిన పేరు మాత్రం మిగిలింది.

బ్యాటరీ పోవడంతో ఓ కొత్త తలనొప్పి మొదలైంది. బ్యాటరీ ఇచ్చేది నికార్సైన డీసీ. గోడలోంచి వచ్చేది ఏసీ. దాన్ని రెక్టిఫై చేసి, కెపాసిటర్లతో ఎత్తుపల్లాలు చదును చెయ్యాలి. ఆ చదును సరిగా అవ్వకపోతే స్పీకర్లో "హమ్". ఇక్కడి నుంచి నేటిదాకా ఇంట్లో కట్టిన రేడియోల జబ్బుల్లో సగం ఈ చదును దగ్గరే.

హీత్‌కిట్ వాళ్లు నేర్పిన పాఠం

కిట్ల చరిత్రలో పెద్ద పేరు హీత్‌కిట్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బెంటన్ హార్బర్ ఊరు. ఎడ్వర్డ్ హీత్ అనే ఆయన పెట్టిన విమానాల కంపెనీ అది. ఆయన 1931లో విమాన ప్రమాదంలోనే పోయాడు. 1935లో హోవర్డ్ ఆంథనీ ఆ కంపెనీ కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న ఎలక్ట్రానిక్ సామాను చవగ్గా దొరుకుతుంటే కొనేసి, 1947లో ఆసిలోస్కోపుని కిట్‌గా అమ్మాడు. సుమారు 50 డాలర్లకే ఆసిలోస్కోపు! రెడీమేడ్‌ది దానికి ఎన్నో రెట్లు ఉండేది. అక్కడి నుంచి హామ్ ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు, చివరికి కంప్యూటర్ల దాకా వెళ్లారు. 1992లో కిట్ల వ్యాపారం మూసేశారు. (ఆ పేరు మీద తర్వాత మళ్లీ ప్రయత్నాలు జరిగాయి, అది చిన్న స్థాయిలో.)

హీత్‌కిట్ గొప్పదనం సామానులో కన్నా మాన్యువల్లో ఉంది. ఒక్కో వైరు కట్ చేసే పొడుగు, ఒక్కో టంకం పక్కన టిక్కు పెట్టుకోడానికి చోటు. కరెంటు ఇచ్చే ముందు ఏ పాయింటు నుంచి ఛాసిస్‌కి ఎన్ని ఓములు ఉండాలో చూసుకోమనే సూచన. చివర్లో ఇబ్బంది వస్తే ఏం చెయ్యాలో చెప్పే ఓ ప్రత్యేక విభాగం. ఏ ట్యూబు ఏ పిన్ను దగ్గర ఎంత వోల్టేజి ఉండాలో పట్టిక. తిరిగొచ్చే కిట్లలో అత్యధికం పార్టు చెడిపోయి కాదు, టంకం సరిగా పెట్టక పనిచెయ్యనివేనని వాళ్లు మొహమాటం లేకుండా రాసేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే యూజర్ మాన్యువల్, యూనిట్ టెస్టులు, ట్రబుల్ షూటింగ్ గైడు, అన్నీ కలిపి ఒకే పుస్తకం. అదీ 1950లలో!

1960ల మధ్య నుంచి వాళ్ల ట్రాన్సీవర్లకి "హెచ్‌పీ-23" అనే విడి పవర్ సప్లై ఉండేది. ఫైనల్ ట్యూబుల ప్లేటుకి 700-800 వోల్టులు, మిగతా ట్యూబులకి 300 లోపు, బయాస్‌కి మైనస్ వందకి పైగా, ఫిలమెంటుకి 12.6 వోల్టులు. నాలుగు రకాల కరెంటు ఒకే పెట్టెలోంచి. ఇందులో ఏది పోయినా లక్షణం వేరేగా ఉంటుంది. హైవోల్టేజి పోతే వినపడుతుంది కానీ ట్రాన్స్‌మిట్ అవ్వదు. బయాస్ పోతే ఇంకా ఘోరం, ఫైనల్ ట్యూబుల ప్లేట్లు ఎర్రగా కాలిపోతాయి. పాపం ట్యూబు చెడిపోయిందని కొత్తవి కొని పెడితే అవీ కాలిపోతాయి. తప్పు ట్యూబుది కాదు, బయాస్ లైనులో వట్టిపోయిన ఓ చిన్న కెపాసిటరుది.

చంపేసే రెసిస్టరు

ఇప్పుడు కాస్త సీరియస్ సంగతి. 800 వోల్టులకి సరిపడే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఒక్కటి దొరకదు, మామూలుగా దొరికేవి 450 వోల్టులవి. అందుకని రెండో మూడో సీరీస్‌లో పెడతారు. ఒక్కోదాని మీదా వోల్టేజి సమానంగా పంచడానికి పక్కనే ఒక్కో రెసిస్టరు. స్విచ్ ఆపాక కెపాసిటర్లలో మిగిలిన ఛార్జిని ఖాళీ చేసేది కూడా ఆ రెసిస్టర్లే. వాటినే "బ్లీడర్" అంటారు.

ఈ బ్లీడర్ చాలా అమాయకమైన పార్టు. ఏళ్ల తరబడి వేడిలో మగ్గి మగ్గి ఒకరోజు ఓపెన్ అయిపోతుంది. అది పోయినట్టు రేడియోలో ఏమీ తెలియకపోవచ్చు, అంతా బాగానే పనిచేస్తున్నట్టు ఉంటుంది. కానీ ఇప్పుడు ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లు ఛార్జితోనే కూర్చుంటాయి. లెక్క వేద్దాం: మొత్తం 60 మైక్రోఫారడ్లు, 800 వోల్టులు అనుకుంటే సగం సీవీ స్క్వేర్ ప్రకారం 19 జూళ్లు. గుండె మీదుగా వెళితే మనిషిని చంపడానికి చాలు. ప్లగ్గు తీసేశాను కదా అనుకుని చెయ్యి పెట్టినవాడికి రెండో ఛాన్సు ఉండకపోవచ్చు.

అందుకే పాత హామ్‌లు కొన్ని అలవాట్లు పెట్టుకున్నారు. ప్లగ్గు పీకాలి. ఇన్సులేషన్ పిడి ఉన్న కర్రకి రెసిస్టరు కట్టి దాంతో కెపాసిటర్లని ఖాళీ చెయ్యాలి. మీటరు పెట్టి సున్నా అని కళ్లతో చూడాలి. ఓ చెయ్యి జేబులో పెట్టుకుని ఒంటి చేత్తోనే కొలవాలి, కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోకుండా. ఇవి చాదస్తాలు కావు, అనుభవం మీద పుట్టిన నియమాలు.

ఇంకో మెలిక. పాత కిట్లలో సెలీనియం రెక్టిఫయర్లు ఉండేవి. అవి ముసలివయ్యేకొద్దీ రెసిస్టెన్సు పెరిగి వోల్టేజి తగ్గిపోతుంది, కాలితే భరించలేని కంపు, ఆ పొగ విషం కూడా. ట్యూబు రెక్టిఫయర్లేమో వేడెక్కాకే పనిచేస్తాయి, కొంత వోల్టేజి తామే మింగుతాయి. "అప్‌గ్రేడ్" పేరుతో వాటి బదులు సిలికాన్ డయోడ్లు పెడితే ఏమవుతుంది? మింగే వోల్టేజి మిగిలిపోయి మొత్తం పెరుగుతుంది. పైగా ట్యూబులు వేడెక్కి కరెంటు లాక్కోకముందే నిండు వోల్టేజి కెపాసిటర్ల నెత్తిన పడుతుంది. 1950లలో అమెరికా ఇళ్లలో 115 వోల్టుల లెక్కన కట్టిన కిట్టుని ఇప్పటి 120 వోల్టుల మీద పెడితే ఇంకో నాలుగు శాతం అదనం. ఒక్కోటి చిన్నదే, మూడూ కలిసేసరికి కెపాసిటరు ఢాం! ఒక డిపెండెన్సీ అప్‌గ్రేడ్ చేస్తే ఎక్కడో ఇంకో మాడ్యూలు పగలడం మనకి కొత్తేం కాదు కదా.

పన్నెండు వోల్టులు అంటే పన్నెండు కాదు

ట్రాన్సిస్టర్లు వచ్చాక 800 వోల్టుల భయం పోయింది. హామ్ రేడియోలు 12 వోల్టులకి దిగాయి. 2ఎన్3055 అనే పవర్ ట్రాన్సిస్టరు, 1960ల చివర్లో వచ్చిన 723 అనే రెగ్యులేటర్ ఐసీ, ఈ రెండూ కలిసి కొన్ని తరాల పవర్ సప్లైలని నడిపించాయి. మన దగ్గర ఈసీఈ చదివినవాళ్లకి ఈ రెండు నంబర్లూ ఎగ్జామ్ హాల్లో కూడా కలలోకి వచ్చే ఉంటాయి.

ప్రాణభయం పోయింది కానీ రేడియోకి భయం వచ్చింది. ఈ సప్లైల్లో రెగ్యులేటరుకి ముందు 20 వోల్టుల పైచిలుకు ఉంటుంది. మధ్యలో ఉన్న 2ఎన్3055 షార్ట్ అయ్యిందంటే ఆ మొత్తం రేడియోలోకి పోతుంది. పాడయ్యేటప్పుడు ఓపెన్ అయ్యి ఊరుకోకుండా షార్ట్ అవ్వడమే ఈ ట్రాన్సిస్టర్ల చెడ్డ గుణం. దీనికి విరుగుడు "క్రోబార్": వోల్టేజి హద్దు దాటగానే ఓ ఎస్సీఆర్ అవుట్‌పుట్‌ని అడ్డంగా షార్ట్ చేసి ఫ్యూజు కొట్టేస్తుంది. పది రూపాయల ఫ్యూజు పోయి వేల రూపాయల రేడియో మిగులుతుంది. క్రోబార్ లేని సప్లై అంటే బ్యాకప్ లేని ప్రొడక్షన్ సర్వరు.

అసలు 12 వోల్టులు అన్న మాటే ఒక అబద్ధం. కారు ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఉండేది దాదాపు 13.8 వోల్టులు. హామ్ రేడియోలు కారుల్లో కూడా వాడతారు కాబట్టి బల్ల మీద పెట్టే సప్లైలు కూడా 13.8కే కట్టారు. కాబట్టి కిట్ మీద 12 అని రాసి ఉంటే, అది 13.8ని తట్టుకుంటుందో లేదో మనమే కనుక్కోవాలి.

హైదరాబాదు కథ

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన రావాలి. హైదరాబాదుకి చెందిన అష్హర్ ఫర్హాన్ గారు (కాల్ సైన్ వీయూ2ఈఎస్ఈ) 2000ల మొదటి సగంలో "బిట్ఎక్స్20" అనే ట్రాన్సీవర్ డిజైను చేసి సర్క్యూటు అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. విదేశాల నుంచి తెప్పించాల్సిన ఖరీదైన సామాను లేకుండా, మన దగ్గర దొరికే ట్రాన్సిస్టర్లతో కట్టేలా. దిగుమతి టొరాయిడ్లు దొరక్కపోతే కొళాయిలో వేసే వాషర్ల మీద కాయిల్స్ చుట్టుకోమన్నారు! సాఫ్ట్‌వేర్లో ఓపెన్ సోర్స్ గురించి గంటలు గంటలు మాట్లాడే మనం గర్వపడాల్సిన హార్డ్‌వేర్ పని అది. తర్వాత 2016లో బిట్ఎక్స్40, 2017 చివర్లో మైక్రోబిట్ఎక్స్ వచ్చి ప్రపంచమంతా వెళ్లాయి.

ఈ మైక్రోబిట్ఎక్స్ తొలి బోర్డుల్లోనే మన సబ్జెక్టుకి సరిగ్గా సరిపోయే సంఘటన జరిగింది. కొందరి బోర్డుల్లో టీడీఏ2822 అనే ఆడియో ఐసీ పేలిపోవడం మొదలైంది. డేటాషీటు ప్రకారం అది 15 వోల్టుల దాకా తట్టుకోవాలి. కానీ ఓ బ్యాచిలో వచ్చిన ఐసీలు అంత తట్టుకోలేదు. 13.8 ఇచ్చినవాళ్లకి పేలాయి, 12కి లోపు ఇచ్చినవాళ్లు బతికిపోయారు. వాడేవాళ్లు పోయిన ఐసీల మీద గుర్తులు పోల్చుకుని తప్పు ఎక్కడుందో తేల్చారు. తర్వాతి వెర్షన్లో ఆ ఐసీ తీసేసి విడి ట్రాన్సిస్టర్లతో ఆడియో కట్టారు. సర్క్యూటు అందరి చేతిలో ఉండబట్టే ఇది అంత త్వరగా తేలింది. అదే సీలు వేసిన పెట్టె అయితే "సర్వీస్ సెంటరుకి పంపండి" తో కథ ముగిసేది.

కెపాసిటర్ల విషయానికొస్తే మన ఐటీ వాళ్లకి కూడా ఓ చేదు అనుభవం ఉంది. సుమారుగా 1999 నుంచి 2007 దాకా తయారైన మదర్‌బోర్డుల్లో కెపాసిటర్ల నెత్తి ఉబ్బిపోయి సిస్టంలు రీస్టార్ట్ అయిపోతుండేవి. లోపల ఎలక్ట్రోలైట్ మిశ్రమం సరిగా లేక గ్యాసు పుట్టడం కారణం. ఒక్క డెల్ కంపెనీయే 2005లో దీని కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. పదిమంది విండోస్‌ని తిట్టారు, నలుగురు ర్యామ్ మార్చారు, తప్పు మాత్రం రూపాయి ఖరీదు చేసే కెపాసిటరుది.

మరి వెతికేదెలా?

నూరేళ్ల ఈ అనుభవాన్ని పిండితే వచ్చే క్రమం ఇది.

ముందు సప్లైని రేడియో నుంచి విడదియ్యాలి. రెండూ కలిపి ఉంచి వెతికితే ఎవరు దొంగో తేలదు. సప్లైకి కారు హెడ్‌లైటు బల్బు లాంటి లోడు పెట్టి కొలవాలి. లోడు లేకుండా 13.8 చూపించి, లోడు పెట్టగానే 9కి పడిపోయే సప్లైలు బోలెడు.

కరెంటు ఇచ్చే ముందు ఓములు కొలవాలి. ప్లస్సుకీ గ్రౌండుకీ మధ్య షార్టు ఉంటే స్విచ్ వెయ్యకముందే తెలిసిపోతుంది. ప్లస్సు మైనస్సు తిరగబడ్డాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

మొదటిసారి ఇచ్చేటప్పుడు సీరీస్ బల్బు పెట్టాలి. మన టీవీ మెకానిక్కుల దగ్గర చూసే ఉంటారు, లైనులో వరసగా ఓ 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ట్రాన్స్‌ఫార్మర్ సప్లైలో లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అంతా బావుంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పాత ఫిలమెంటు బల్బు ఒకటి దాచుకోండి.

తర్వాత చెవి పెట్టి వినాలి. మన కరెంటు 50 హెర్ట్జులు. బ్రిడ్జి రెక్టిఫయరు బావుంటే మిగిలే హమ్ 100 హెర్ట్జులు. అది ఎక్కువైతే కెపాసిటరు వట్టిపోయింది. అదే సప్లై లోంచి వచ్చే హమ్ 50 అయితే బ్రిడ్జిలో ఓ డయోడ్ ఓపెన్. ఇందులో చిన్న లెక్క ఉంది: 2 ఆంపియర్లు లాగుతుంటే 4700 మైక్రోఫారడ్ల మీద ఎగుడుదిగుడు దాదాపు 4 వోల్టులు. కెపాసిటరు సగానికి చచ్చిపోతే 8 వోల్టులు. అంతే, అడుగు వోల్టేజి రెగ్యులేటరుకి చాలక హమ్ బయటికి వచ్చేస్తుంది. ఊళ్లలో సాయంత్రం లో-వోల్టేజి అయితే బావున్న కెపాసిటరుతో కూడా ఇదే జరుగుతుంది. అమెరికా వాళ్ల 60 హెర్ట్జులకి రాసిన డిజైనుని మన దగ్గర కట్టేటప్పుడు కెపాసిటరు కనీసం 20 శాతం పెద్దది వెయ్యాలి. 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మరైతే, స్టెప్ డౌన్ పెట్టి వోల్టేజి సరిచేసినా, 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది.

చివరిగా వేడి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు 10 డిగ్రీలు చల్లగా ఉంటే ఆయుష్షు రెట్టింపు అని ఓ మోటు లెక్క. మన ఎండాకాలంలో గాలి ఆడని డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే కెపాసిటరు పెట్టడం అంటే దాని ఆయుష్షు మనమే కొయ్యడం. చాలా ఏళ్లు వాడకుండా అటక మీద పెట్టిన సప్లైకి ఒకేసారి నిండు వోల్టేజి ఇవ్వకూడదు. లోపలి ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది, మెల్లగా పెంచుకుంటూ పోతే కొంతవరకు తిరిగి కట్టుకుంటుంది.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే...

ఇప్పుడు చాలామంది రేడియో మాత్రం కట్టుకుని, సప్లైగా ఏదో అడాప్టరు తగిలించేస్తున్నారు. చవక అడాప్టర్లు స్విచింగ్ రకం. వాటి రొద షార్ట్‌వేవ్ అంతా పరుచుకుని, బలహీనమైన సిగ్నల్సుని మింగేస్తుంది. కిట్ కట్టినవాడు రిసీవరు చెవిటిదనుకుంటాడు. అడాప్టరు తీసి బ్యాటరీ పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలే విషయం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అప్పటికే హామ్ రేడియో పని మీద పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుంచి క్షేమ సమాచారాలు బయటికి పంపింది వాళ్ల స్టేషనే. హామ్ రేడియో ఎందుకు అనేవాళ్లకి అందరూ ఈ ఉదాహరణ చెప్తారు, చెప్పాలి కూడా. కానీ అలాంటి రోజున ఎంత గొప్ప రేడియో ఉన్నా, కరెంటు పోయాక దానికి తిండి పెట్టేది ఏది? అది పాడైతే ఆ చీకట్లో మీటరు పట్టుకుని బాగుచెయ్యగలిగేది ఎవరు? ఆ రోజు కొరియర్ రాదు, సర్వీస్ సెంటరు ఫోను ఎత్తదు.

నా మట్టుకు నాకు అనిపించేది ఇదీ. రేడియో కిట్ కట్టే ప్రతివాడూ దానికన్నా ముందు ఓ పవర్ సప్లై కట్టాలి, కట్టాక దాన్ని కావాలని ఒకసారి చెడగొట్టి (డయోడ్ ఒకటి తీసేసి, చిన్న కెపాసిటరు పెట్టి) ఏ లక్షణం ఎలా ఉంటుందో చూడాలి. 12 వోల్టుల మీద మాత్రమే సుమా, మెయిన్సు వైపు కాదు! మన కాలేజీ ల్యాబుల్లో 723తో రెగ్యులేటరు కట్టించి గ్రాఫు గీయిస్తారు, పని చెయ్యని సప్లై చేతికిచ్చి "ఇదెందుకు పనిచెయ్యట్లేదో చెప్పు" అని మాత్రం అడగరు. అడిగితే సగంమంది ఇంజనీర్లు సిలబస్ బయటిదంటారు. పనిచేసేదాన్ని నడపడం ఎవరైనా నేర్చుకుంటారు, పనిచెయ్యనిదాన్ని చూసి భయపడకుండా ఉండటమే చదువు.

కిట్లు అమ్మేవాళ్లకి కూడా ఓ మాట. సర్క్యూటు, వోల్టేజి పట్టిక లేకుండా కిట్ అమ్మొద్దు. 1950లలో కాగితం మీద చెయ్యగలిగిన పనిని ఇప్పుడు పీడీఎఫ్‌లో చెయ్యలేకపోవడానికి సాకు లేదు.